ప్లాటినం పొర చెప్పిన సాక్ష్యం

పోయిన వారం మనం పిచ్చుకని మైక్రోస్కోపు గదిలో, తెర ముందు నోరు తెరుచుకుని నిలబడినదాన్ని నిలబడినట్టే వదిలేసి వచ్చేశాం. వారమంతా పాపం అలాగే నిలబడి ఉందేమోనని బెంగపడ్డవాళ్ళకి ఒక మాట: ఒకచోట నిలబడే మనిషే అయితే వాళ్ళన్నయ్య ఆమెకు ఆ పేరు పెట్టేవాడే కాదు. ఈ ఆరు రోజుల్లో ఆమె చెయ్యాల్సిందంతా చేసింది. ఎందుకు చేశానా అని ఏడ్చే రోజు కూడా వచ్చింది. అది ఇవాళే.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. పిచ్చుకా, వాళ్ళన్నయ్యా ఒకే ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళు. మిథనాల్‌ని మంట లేకుండా మండించి కరెంటు పుట్టించే పెట్టె ఒకటుంటుంది. దాని ప్రాణమంతా చిటికెడు నల్లపొడిలో ఉంటుంది. ఆ పొడిలో ఒక్కో రేణువూ ప్లాటినం, నికెల్ కలిసిన మిశ్రలోహం. మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆననంత చిన్నది. అన్నయ్య ఆరు నెలలు కష్టపడి చేసిన అలాంటి పొడిని రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం కొలిమిలో పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొలిమిలోకి రావలసింది కాస్త హైడ్రోజన్ కలిపిన వాయువు. వచ్చింది కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా లేని విషం. సాయంత్రం కాపలాదారు తలుపు తోసేసరికి అన్నయ్య కుర్చీలోనే ఉన్నాడు. నోట్‌బుక్ ఒళ్ళో ఉంది. ప్రాణం లేదు.

కింద షెడ్డులో ఉండే సిలిండర్ల నుంచి పై అంతస్తుకి నాలుగు పైపులు వెళ్తాయి. మూడో పైపు కొలిమికి. నాలుగోది పక్క గదిలో పిచ్చుక బల్లకి. రేణువుల పైభాగం ఎంతుందో కొలవడానికి పిచ్చుకే అప్పుడప్పుడూ ఆ విషవాయువు వాడేది. అందుకని దాన్ని పసిగట్టే అలారం ఆమె గదిలో ఉంది. కొలిమి గదిలో లేదు, అక్కడ దానితో పనే లేదు కనక. కొలిమిలోంచి వచ్చే గాలిని సీసాలో నీళ్ళలోకి వదిలి, బుడగలు చూస్తూ కూర్చోవడం అక్కడందరికీ అలవాటు. ఎప్పుడూ వచ్చే వాయువుతో అయితే ఎవరికీ ఏమీ కాదు.

ఆ రోజు పిచ్చుక బల్ల కోసం తెప్పించిన సిలిండరే మూడో పైపుకి బిగించి కనిపించింది. షెడ్డు తాళంచెవి ఒకటి అన్నయ్య దగ్గర కూడా ఉండేది. విచారణ కమిటీ వాళ్ళు వచ్చారు, టీలు తాగారు, నాలుగు పేజీలు రాశారు. "సిలిండర్‌ను మృతుడే మార్చుకున్నాడు, పొరపాటున గానీ, ఉద్దేశపూర్వకంగా గానీ" అని తేల్చారు. రాసినవాళ్ళకి అది ఒక వాక్యం. దాన్ని రెండేళ్ళుగా మోస్తున్నది వదిన.

ఎందుకంటే ఆ పొద్దున వాళ్ళిద్దరూ రెండు రోజులు ఊరెళ్ళాలి. బట్టలు సర్దుకున్నారు కూడా. బయల్దేరబోయే ముందు ఆయన "సోమవారానికి వచ్చేద్దామా, పొడి ఆగదు" అన్నాడు. వదినకి ఒళ్ళు మండింది. "నీకు నాకంటే ఆ నల్లపొడే ఎక్కువ. పో, పోయి దాంతోనే కాపురం చెయ్యి" అంది. ఆయన మారు మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మొగుడూ పెళ్ళాల మధ్య ఇలాంటి మాటలు నెలకి నాలుగొస్తాయి, పోతాయి. ఈ మాట మాత్రం పోలేదు. ఆ 'ఉద్దేశపూర్వకంగా' అన్న ముక్క చదివినప్పటి నుంచి తన మాటే మొగుణ్ణి చంపిందని వదిన నమ్మింది.

ఇక ఇవాళ్టి సంగతి.

అన్నయ్య నోట్‌బుక్‌లో రాసింది రాసినట్టుగా, హైడ్రోజన్‌లో, పిచ్చుక తొమ్మిదిసార్లు ఆ పొడి తయారుచేసింది. తొమ్మిదీ దండగే. రేణువులో ప్లాటినం, నికెల్ ఎక్కడపడితే అక్కడ కలగాపులగంగా ఉండేవి. పైకి తేలిన నికెల్ పెట్టెలోని ఆమ్లంలో కరిగిపోయేది. మిగిలిన ప్లాటినం మీద, మిథనాల్ సగం మండి ఆగిపోయినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడే పేరుకుని ఊపిరాడనిచ్చేది కాదు. పూట తిరక్కుండా పొడి చచ్చి ఊరుకునేది. అన్నయ్య ఆఖరి రోజు కొలిమిలో దొరికిన పొడి మాత్రం, ప్రయోగశాల నడిపే మాస్టారు సీసాలో దాచిపెట్టిన ఆ చిటికెడు, ఎన్ని రోజులు నడిపినా అలసిపోలేదు.

పోయిన వారం తెర మీద ఆమె చూసింది దాని గుట్టే. ఒక్కో రేణువులోనూ నికెల్ అంతా లోపల ఉంది. ప్లాటినం అంతా పైకి వచ్చి, పాల మీద మీగడలా పల్చగా పొరకట్టి ఉంది. కింద నికెల్ ఉన్నప్పుడు పైనున్న ప్లాటినం విషాన్ని అంత గట్టిగా పట్టుకోదు, అంటుకున్నదాన్ని కూడా తొందరగా వదిలేస్తుంది. సరే, ఆ పొర ఎలా వచ్చింది? హైడ్రోజన్‌లో తొమ్మిదిసార్లు కాల్చినా రానిది ఆ ఒక్కరోజే ఎందుకొచ్చింది?

మాస్టారి అనుమతి తీసుకుని, కొలిమి చుట్టూ మూడు అలారాలు పెట్టుకుని, పిచ్చుక పదోసారి కార్బన్ మోనాక్సైడ్‌లోనే కాల్చింది. ఆ వాయువంటే ప్లాటినానికి చచ్చేంత ఇష్టం. వేడి మీద అది వచ్చి తగిలితే ప్లాటినం లోపల కూర్చోలేదు, ఎగబడి పైకొస్తుంది. ఇవాళ మధ్యాహ్నం ఫలితం వచ్చింది. అదే పొర. పెట్టెలో నడిపి చూస్తే కరెంటు గీతా అదే. అన్నయ్య గీత మీద పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

మాస్టారు "శభాష్" అన్నారు. పిచ్చుకకి ఆ మాట వినపడలేదు. ఆమె అన్నయ్య నోట్‌బుక్ ఆఖరి పేజీ చూస్తోంది. పావుగంటకొకసారి ఆయన రాసుకున్న ముక్కలు: 'హైడ్రోజన్. 250 డిగ్రీలు. బుడగలు సమంగా ఉన్నాయి.' మళ్ళీ అదే. మళ్ళీ అదే. అయిదోసారి అక్షరాలు వంకరపోయాయి. ఆరోసారి లేదు. కొలిమిలో ఉన్నది ఎప్పుడో కాల్చేసిన పాత పొడని, ఆ ముక్కలు ముందే రాసిపెట్టుకున్నవై ఉండొచ్చని కమిటీ కొట్టిపారేసింది. పాత పొడి కాదు. పచ్చి పొడి, ఆ విషంలోనే మొదటినుంచీ కాలిన పొడి. ప్లాటినానికి ఆ వాయువు తగిలితే పొడి పాడైపోతుందని అప్పట్లో అందరిలాగే అన్నయ్యా నమ్మేవాడు. తెలిసి తెలిసి ఆరు నెలల కష్టాన్ని అందులో పెడతాడా? చావాలనుకున్నవాడు పావుగంటకోసారి బుడగలు లెక్కపెడతాడా?

ఆమె వరండాలోకి పరిగెత్తి వదినకి ఫోన్ చేసింది. వదిన కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్షించే పని చేస్తుంది.

"వదినా, ఏం చేస్తున్నావ్?"

"ఒకాయన కళ్ళు చూస్తున్నాను. ఏమైందే, ఆ రొప్పుడేంటి?"

"అన్నయ్యకి తెలీదు వదినా. ఆ పైపులో ఏమొస్తోందో తనకి తెలీదు. చావడానికి వెళ్ళలేదు. పని చేసుకోడానికి వెళ్ళాడు. రుజువు దొరికింది."

"అమ్మా, రెండో వరుస చదవమంటారా?" అని అవతల ఎవరో పెద్దాయన అడగడం వినపడింది.

"ఇంకోసారి చెప్పు," అంది వదిన.

పిచ్చుక ఇంకోసారి చెప్పింది. అటునుంచి వచ్చిన ఏడుపు పిచ్చుక ఇంతకుముందెన్నడూ వినలేదు. చావు రోజున కూడా వదిన అలా ఏడవలేదు. ఏడ్చే హక్కు తనకి లేదనుకుందేమో, పిచ్చి తల్లి.

"మరి ఆ సిలిండర్ ఎవరు మార్చారే?" అంది కాసేపటికి.

"అదే తేల్చడానికి షెడ్డుకెళ్తున్నా."

"నేనూ వస్తున్నా. నేనొచ్చేదాకా వాడెవడో కదలకుండా చూడు."

తాడో పేడో తేల్చుకుందామని పిచ్చుక మెట్లు దిగింది. మనలో మాట, ఆ మెట్ల మీదే ఎవరైనా ఆమె చెయ్యి పట్టుకుని ఆపి ఉంటే బాగుండేది.

షెడ్డు సిలిండర్ బాబాయిది. ఆయనకి వేరే పేరుందని జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కో సిలిండర్‌నీ గోడకి గొలుసుతో కట్టి, కట్టిన గొలుసుని రెండుసార్లు లాగి చూసే మనిషి. చీటీ లేనిదే సిలిండర్ కదపడు. ఏ వాయువు, ఏ పైపుకి, ఎప్పటికి అని రాసిచ్చిన చీటీ గోడ మేకుకి గుచ్చాకే పానా చేతికి తీసుకుంటాడు. పిచ్చుక వెళ్ళేసరికి ఆయన ఒక పైపు అతుకు మీద బ్రష్షుతో సబ్బునీళ్ళు పూస్తున్నాడు. వాయువు కారుతుంటే అక్కడ బుడగ లేస్తుంది.

"రా అమ్మా. ముఖం అలా ఉందేం? అన్నం తినలేదా?"

"బాబాయ్, ఒకటి అడుగుతాను. నిజం చెప్పు."

"నీతో అబద్ధం ఎప్పుడాడాను?"

"ఆ రోజు ఆ సిలిండర్‌ని మూడో పైపుకి బిగించింది ఎవరు?"

బ్రష్షు ఆగిపోయింది. సబ్బునీళ్ళు ఆయన మణికట్టు మీదుగా కారి మోచేతి దాకా వెళ్ళాయి. తుడుచుకోలేదు.

"కమిటీ వాళ్ళు రాశారు కదమ్మా."

"వాళ్ళు రాసింది తప్పు. అన్నయ్య మార్చలేదు. తనకి తెలీదు. పొడి చెప్పింది బాబాయ్, నా కళ్ళతో చూశాను. అన్నయ్య కాకపోతే పానా పట్టేది ఈ బిల్డింగు మొత్తానికి నువ్వొక్కడివే."

బాబాయి బ్రష్షు డబ్బాలో పెట్టాడు. స్టూలు మీద కూర్చున్నాడు. దబాయిస్తాడనీ, నీళ్ళు నములుతాడనీ పిచ్చుక అనుకుంది. ఆయన తల ఎత్తకుండానే, "నేనే బిగించాను," అన్నాడు.

ఆ తర్వాత పిచ్చుక ఏమేం అందో ఇక్కడ మొత్తం రాయడం బాగుండదు. ఆయన చేతులమీదుగా పని నేర్చుకున్న పిల్ల, ఆయన టిఫిన్ డబ్బాలో చెయ్యిపెట్టి తిన్న పిల్ల, ఆయన్ని అనరాని మాటలంది. "మా వదిన రెండేళ్ళుగా బతికున్న శవంలా తిరుగుతోంది. నీకు తెలుసు! తెలిసీ రోజూ 'బాగున్నావా అమ్మా' అని అడిగేవాడివి! మనిషివేనా నువ్వు?" అంది. బాబాయి లేచి బల్ల మీది పానాలన్నీ ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, పెద్దదాని పక్కన చిన్నదాన్ని వరసగా పేర్చాడు.

"చెప్పెయ్యమ్మా. మాస్టారికీ చెప్పు, మీ వదినకీ చెప్పు. పోలీసులకి చెప్పాలన్నా సరే. పొరపాటు నాదే. కళ్ళు ఆనలేదు ఆ రోజు. ముసలాణ్ణయ్యాను."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ అబద్ధం ఆడటం చేతకాని మనిషి అబద్ధం ఆడితే ఇట్టే తెలిసిపోతుంది.

"కళ్ళు ఆనకపోవడం నీకా? గేజీలో ముల్లు రవ్వంత కదిలితే గుమ్మంలోంచి చెప్తావ్. చీటీలో ఉన్న పైపుకి తప్ప నువ్వు బిగించవు. ఆ రోజు చీటీ ఏది?"

"లేదు."

"కమిటీ అడిగినప్పుడూ పోయిందన్నావ్. నిజంగా పోయిందా? ఎవరు రాశారు? మాస్టారా? ఆయన్ని కాపాడుతున్నావా?"

"వద్దమ్మా. తవ్వకు. నేనని చెప్పాను కదా, చాలదా?"

"చాలదు. చీటీ పోయిందని నా మీద ఒట్టేసి చెప్పు."

"నీ మీద మాత్రం ఒట్టు పెట్టించకు తల్లీ!" అని అరిచాడు ఆయన. ఆ ముసలి కళ్ళలో నీళ్ళు చూశాక కూడా పిచ్చుక వెనక్కి తగ్గలేదు. చెయ్యి చాపి నిలబడింది.

బాబాయి మెడలోని గుర్తింపు కార్డు తీశాడు. ప్లాస్టిక్ కవరులో, తన ఫోటో వెనకాల, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. "చూడకు," అన్నాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను. చూడకుండా నాకిచ్చెయ్, ఇప్పుడే కాల్చేస్తాను."

ఆమె మడతలు విప్పింది.

కార్బన్ మోనాక్సైడ్. సోమవారం పొద్దున తొమ్మిదికల్లా. పైపు: మూడు.

గుండ్రటి అక్షరాలు. కింద తోకలా లాగిన సంతకం. మాస్టారిది కాదు. పిచ్చుక సంతకం.

ఆమె మళ్ళీ చదివింది. నాలుగు అని ఉండాలి. తన బల్ల నాలుగు. నాలుగే రాశానని కమిటీ ముందు నిక్కచ్చిగా చెప్పింది కూడా. చీటీ కనబడకపోయినా ఆమె మాట మీదే వాళ్ళు తీర్పు రాశారు: చెల్లెలు నాలుగో పైపుకి అడిగిన సిలిండర్ మూడో పైపుకి ఉందంటే, అన్నే మార్చుకుని ఉండాలని. తర్వాత ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆ వారమంతా అన్నయ్య చీటీలు కూడా తనే రాసింది. ఆయన రాత కోడిగెలుకుడని బాబాయి తిప్పి పంపుతుంటే, "నువ్వే రాసిపెట్టవే పిచ్చుకా" అని బతిమాలాడు. పైపు మూడు, పైపు మూడు, పైపు మూడు. పది చీటీలు అలా రాసిన చెయ్యి, శనివారం సాయంత్రం ఇంటికెళ్ళే తొందరలో, తన చీటీ మీద కూడా అదే రాసేసింది.

"నాకు సోమవారం సెలవు. అందుకని శనివారమే బిగించేశాను," అన్నాడు బాబాయి నెమ్మదిగా. "మూడో పైపుకి ఈ గాలి ఎందుకా అని ఒక్క క్షణం అనుకున్నాను. బాబు కొత్తగా ఏదో చేస్తున్నాడేమో, ఆయన చీటీలు నువ్వే రాస్తున్నావు కదా అనుకున్నాను. అడగాల్సింది. అడగలేదు. విషవాయువు ఎక్కించిన పైపుకి పైన గదిలో కూడా గుర్తుగా ఎర్రగుడ్డ కట్టాలి. గది తాళం వేసుంది. ఆదివారం ఎవరొస్తారులే, ఊరెళ్తున్నారు కదా అని వచ్చేశాను. ఆదివారం సాయంత్రం కబురు తెలిసి పరిగెత్తుకొచ్చాను. బాబుని చూశాను. కిందికొచ్చి మేకు మీద ఇది చూశాను. అప్పుడు నీకెన్నేళ్ళమ్మా? పైన మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నావ్. ఇది బయటపడితే నువ్వు బతికేదానివా? ఒకరు పోయారు, రెండోవాళ్ళు కూడా పోతే ఎలాగని జేబులో పెట్టుకున్నాను. కాల్చేద్దామనుకున్నాను చాలాసార్లు. చెయ్యి రాలేదు. మీ వదిన ఇంతలా నలిగిపోతుందని అనుకోలేదు. ఆ పాపం నాదే, అది ఎవరూ తీసుకోలేరు."

పిచ్చుక గొలుసు కట్టిన సిలిండర్‌ని పట్టుకుంది. అన్నయ్యని నేనే చంపాను. చంపి, ఆయన మీదే తప్పు మోపాను. ఆమె మనసులో ఇంకో మాట లేదు. రెండేళ్ళు ఎవరి కోసం వెతికిందో ఆ మనిషి దొరికింది.

బయట ఆటో ఆగింది. చెప్పుల చప్పుడు వినపడింది. షాపు కోటు కూడా విప్పకుండా వదిన గుమ్మంలోకి వచ్చింది. జుట్టు చెదిరిపోయింది. వరసగా పేర్చిన పానాలనీ, తల వంచుకున్న బాబాయినీ, ఏడుస్తున్న పిచ్చుకనీ చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకి అర్థమైంది. అర్థమైందని అనుకుంది.

"నువ్వా బాబాయ్?"

"నేనేనమ్మా." ఆయన తల ఎత్తాడు. "నా చేతులతో నేనే బిగించాను."

వదిన కొట్టలేదు, తిట్టలేదు. కొడితే బాగుండేదని పిచ్చుకకి అనిపించింది. "నేను ఆయన్ని పొమ్మన్నాను కదా, అందుకే పోయాడనుకున్నాను," అంది వదిన. "రెండేళ్ళు రోజూ అదే అనుకున్నాను. ఒక్క మాట చెప్తే నీదేం పోయేది?"

వదిన ఇటు తిరిగి పిచ్చుకని గట్టిగా వాటేసుకుంది. ఆమె ఒళ్ళంతా ఎగసిపడుతోంది. "నువ్వు లేకపోతే నేనిలాగే పోయేదాన్నే. నా తల్లివే నువ్వు. తోడబుట్టినందుకు ఆయన రుణం తీర్చుకున్నావ్. ఇక ఈయన్ని ఏం చేద్దామో నువ్వే చెప్పు. నువ్వేదంటే అది."

వదిన భుజం మీదుగా బాబాయి పిచ్చుకనే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల మెల్లగా అటూ ఇటూ ఊపాడు. ఇంకో ఏడాదిలో పని మానేసే మనిషిని, నా మీద వేసెయ్, నేను మోస్తాను అంటున్నాడు. ఆ తల ఊపుడికి సరేననుకుంటే చాలు. వదిన ఈ రాత్రి నిద్రపోతుంది. పిచ్చుకకి ఈ లోకంలో మిగిలిన ఒక్క బంధువూ మిగిలే ఉంటుంది.

పిచ్చుక వదిన చేతులు విడిపించుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"వదినా, ఏం చెయ్యాలో తర్వాత చెప్తాను. ముందు ఇది చదువు."

"ఏంటే ఇది?"

చెమటకి తడిసిన కాగితం వదిన చేతిలోకి వెళ్ళింది. పిచ్చుక రాత వదినకి కొత్త కాదు, ఇంట్లో సరుకుల జాబితాలు ఎన్నేళ్ళుగానో ఆమె రాతలోనే ఉంటాయి. వదిన కళ్ళు తుడుచుకుంది. మడతలు చదును చేసి, కాగితాన్ని గుమ్మంలో వెలుతురు వైపు తిప్పింది.